బొమ్మల్లేని పేక

శుభవార్త వచ్చేసరికి రెబెకా నోట్లో పనసపొట్టు కూర ముద్ద ఉంది. పెళ్లయి ఇంకా రెండు నెలలు కాలేదు. క్యారేజీ కట్టింది మొగుడు ప్రవీణ్. ఆవ ఎక్కువేశాడు, ఉప్పు మరిచిపోయాడు. అయినా అంత రుచిగల కూర ఆమె పుట్టి బుద్ధెరిగాక తినలేదు. సగమైనా తినకముందే ధర్మరాజుగారు తుఫాను షెల్టర్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చారు.

"అయిపోయిందండీ! కేసు ఎగిరిపోయింది!"

డెబ్బై దాటిన కొబ్బరికాయల వ్యాపారి అలా మెట్లెక్కితే కేసుకన్నా ముందు ఆయన ప్రాణం ఎగిరిపోయేలా ఉంది. రెబెకా గబగబా లేచి కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె. దాని దారం పళ్లతో తెంపుతూనే చెప్పారు.

"ఎస్సైగారే స్వయంగా ఫోన్ చేసేరు. రేపు పదింటికి కోర్టుకెళ్లి నలుగురం తప్పు ఒప్పేసుకుంటే చాలంట. ఏదో కాస్త ఫైను. ఆ పళంగా ఇంటికొచ్చి భోంచెయ్యడమే!"

"ఆయ్!" అన్నారు గణపతిగారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. అప్పటికే చెయ్యి పెట్టెలో ఉంది.

"దేవుడున్నాడండీ," అన్నారు కొండలరావుగారు, పోస్టాఫీసులో పనిచేసి వచ్చిన పెద్దాయన.

నాలుగో మనిషి బాబూరావు మాస్టారు మాత్రం పెట్టె వైపు చూడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

రెబెకా క్యారేజీ పక్కకి తోసింది. "ఎవరూ తినకండి!" అంది.

గణపతిగారు పూతరేకు నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయారు. "ఏమ్మా, పాడైపోయాయా?"

పోయిన బుధవారం సాయంత్రం నాలుగు దాటాక జరిగింది ఇదంతా. పొగడలంక తుఫాను షెల్టర్ పైగదిని మండలాఫీసువాళ్లు ఊరి వయోవృద్ధుల సంఘానికి కాలక్షేపం కోసం ఇచ్చారు. ఎవరో ఫోన్ చేసి చెబితే ఆ గది మీద పోలీసులు పడ్డారు. బల్ల చుట్టూ నలుగురు పెద్దమనుషులు, బల్ల సొరుగులో పేకముక్కల కట్ట. నలుగురి మీదా జూదం కేసు రాశారు. సంఘానికి అధ్యక్షుడు, తాళం పెట్టుకునే మనిషి కావడంతో బాబూరావు మాస్టారి మీద జూదగృహం నడుపుతున్నారని అదనంగా ఇంకొకటి. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి, చర్చిలో సంఘపెద్దగా ఉన్న మనిషి. మర్నాడే ఆయన భార్య దీనమ్మగారు అమలాపురం బస్సెక్కి, జిరాక్సు షాపు మేడమీదున్న రెబెకా డిటెక్టివ్ ఆఫీసు తలుపు తట్టింది. "మా ఆయన మీద మచ్చ పడకుండా చూడు తల్లీ. నీ పెళ్లికానుకగా నేను బల్లగుడ్డ అల్లి ఇస్తాను," అని బతిమాలింది. ఆ బల్లగుడ్డ తలుచుకునే రెబెకా సరేనంది. కొత్తగా కొన్న భోజనాల బల్ల ఇంట్లో ఒంటికి గుడ్డ లేకుండా ఉంది మరి.

"పూతరేకులు బాగానే ఉన్నాయండీ. పాడైంది మీ బుర్రలు," అంది రెబెకా. పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదని తెలుసు. కానీ నాలుగు రోజుల్నుంచీ వీళ్లతో వేగుతోంది. "ఇల్లు అలకగానే పండగ కాదు. తప్పు ఒప్పుకున్నారంటే ఏమిటర్థం? ఈ గదిలో జూదం జరిగిందని మీరే చెప్పినట్టు. అలాంటిదేదైనా జరిగితే గది వెనక్కి తీసుకుంటామని మండలాఫీసువాళ్లు ముందే షరతు పెట్టారు కదా. ఎల్లుండికల్లా మీ తలుపుకి సీలు పడుతుంది. మాస్టారు జూదగృహం నడిపినవారని కోర్టులో శాశ్వతంగా ఉండిపోతుంది. ఇది శుభవార్తా? కొరివితో తల గోక్కోవడం!"

గణపతిగారు పూతరేకు మళ్లీ పెట్టెలో పెట్టేశారు.

"అదేంటమ్మా," అన్నారు కొండలరావుగారు నెమ్మదిగా, "అరవై దాటినోళ్లు పేకాడుకోవచ్చని రూలుందంట కదా? బస్సులో సీటిచ్చినట్టు."

"లేదండీ. పేకాటకి సీనియర్ సిటిజన్ కోటా లేదు. ఇరవై ఏళ్లవాడికీ మీకూ చట్టం ఒకటే. అయితే ఆ చట్టం మీరనుకున్నంత చెడ్డది కాదు. రమ్మీ తెలివితో ఆడే ఆట, జూదం కిందకి రాదని పెద్దకోర్టు ఎప్పుడో చెప్పింది. కాలక్షేపానికి ఆడుకుంటే ఎవరూ ఏమీ అనకూడదు. లోపలా బయటా లాంటివి, ఉత్త అదృష్టం మీద పందెం కాసే ఆటలు, అవి తప్పు. ఆడించేవాడు అందులోంచి లాభం గుంజితే అది తప్పు. అందుకే మొదటిరోజు నుంచీ అడుగుతున్నాను. బుధవారం మీరేం ఆడారు?"

నలుగురూ నాలుగు దిక్కులు చూశారు.

"పేకేం ఆడలేదండీ," అన్నారు ధర్మరాజుగారు.

"మరేం చేస్తున్నారు?"

"బీపీ చూపించుకుంటున్నాం."

పోలీసులకీ ఇదే చెప్పారు. దీన్ని పట్టుకునే వేలాడుతున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం కూడా ఇంతకన్నా నయం, వాడు కనీసం అబద్ధమాడడు.

"సరే. ఎవరికెంతొచ్చింది?"

"నూట ముప్పై, ఎనభై," అన్నారు గణపతిగారు తడుముకోకుండా.

"నాదీ అంతే," అన్నారు కొండలరావుగారు.

"నాది కాస్త ఎక్కువండి. ఉప్పుచేప తిన్నాను ఆవేళ," అన్నారు ధర్మరాజుగారు.

మాస్టారు మాత్రం నోరు విప్పలేదు. ఆయనకి అబద్ధం రాదు, నిజం చెప్పరు. నలుగురిలోకీ ఆయనతోనే ఎక్కువ తలనొప్పి.

రెబెకా చేతులు కడుక్కొని గది చూడడం మొదలెట్టింది. చూడ్డానికి పెద్దగా ఏముంది? ఒక బల్ల, దానికి ఒక సొరుగు, కుర్చీలు, గోడ గడియారం. కిటికీ చువ్వలు గట్టిగా ఉన్నాయి. తలుపు తాళం మీద ఒక్క గీత కూడా లేదు. సొరుగులో దొరికిన ముక్కలు మావి కావని నలుగురూ ఒట్టేస్తున్నారు. అదే నిజమైతే వాటిని పెట్టినవాళ్లు తాళం తీసుకునే వచ్చారు.

"తాళంచెవి ఎక్కడుంటుంది మాస్టారూ?"

"మా ఇంట్లో మేకుకి."

"సొరుగు ఎవరైనా వాడతారా?"

"అందులో బల్లులున్నాయని ఎవరూ తెరవరమ్మా."

గూట్లో బీపీ మిషన్ సంచీ ఉంది. రెబెకా దాన్ని దింపి బల్లమీద పెట్టింది. "నాకూ ఒకసారి చూడండి. మీతో మాట్లాడుతుంటే నాకే పెరిగినట్టుంది," అని చెయ్యి చాపి మీట నొక్కింది. మిషన్ మూగగా ఊరుకుంది. మళ్లీ నొక్కింది. వెనక్కి తిప్పి మూత తీసింది. లోపల బ్యాటరీలు లేవు.

"బ్యాటరీలేవండీ?"

కొండలరావుగారు తల దించుకొని గోడ వైపు వేలు చూపించారు. "గడియారానికేసేం. సంక్రాంతి దాటాక."

"అంటే నెలల తరబడి ఈ మిషన్ పనిచెయ్యడం లేదు. మీకు మాత్రం నూట ముప్పై, ఎనభై వస్తోంది!"

రెబెకా సంచీని తలకిందులు చేసి దులిపింది. ఓ పెద్ద కట్ట బల్లమీద పడింది. పేకముక్కలే. అంచులు అరిగి, మెత్తబడి, ఏళ్లతరబడి చేతులు మారిన ముక్కలు.

మాస్టారు కళ్లు మూసుకున్నారు. "జీపు చప్పుడు వినగానే నేనే అందులో పెట్టి, పట్టీ చేతికి చుట్టుకున్నానమ్మా. ఆడాం. రమ్మీయే. పందెం ఏమీ లేదు. ఓడినవాడు మర్నాడు పేపరంతా పైకి చదవాలి. మాలో ముగ్గురికి కళ్లలో శుక్లాలు, అదే శిక్ష."

"ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే కేసే ఉండేది కాదు కదండీ! తప్పు కాని పని చేసి, అది దాచడానికి తప్పు చేశారు!"

"సంఘపెద్ద పేకాడతాడని చర్చిలో తెలిస్తే?" అన్నారు మాస్టారు. "వీళ్లు నా పరువు కోసం అబద్ధమాడేరు. వీళ్లని ఏమీ అనకు."

రెబెకా కోపంతోనే ముక్కలు పరిచింది. పరుస్తూ పరుస్తూ ఆగిపోయింది. ఆసులున్నాయి, రెండు నుంచి పదిదాకా ఉన్నాయి. రాజు లేడు, రాణి లేదు, జాకీ లేదు. మళ్లీ చూసింది. ఒక్క బొమ్మ కూడా లేదు.

"బొమ్మముక్కలేవి?"

"అవి మేం ఆడం," అన్నారు మాస్టారు. "మా అమ్మ బొమ్మముక్కల్ని సాతాను పటాలనేది. మిషనరీ దొరసానమ్మల కాలం నాటి మాట అది. ఎంత మరిచిపోదామన్నా వాటిమీదికి చెయ్యి పోదు. అంకెలైతే ఏముంది, లెక్కలే కదా అని వీళ్లని ఒప్పించేను. రెండు పేకలు కొని బొమ్మలన్నీ తీసేసేం."

"తీసి?"

"కాల్చెయ్యమన్నాను. మూడేళ్లయింది. బూడిదైపోయి ఉంటాయి."

రెబెకా ఏదో అడగబోయింది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది.

ఎస్సై క్రాంతికుమార్ రేపటి హాజరు గురించి చెప్పడానికి వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు, చేతిలో ఉన్న పని తొందరగా తెమిలిపోవాలనుకునే రకం. బల్లమీద పరిచిన ముక్కలు చూశాడు, పూతరేకులు చూశాడు, రెబెకాని చూశాడు.

"ఓహో, మేడమ్ ఇక్కడే ఉన్నారా. పెళ్లయిందని విన్నాను. ఇంక ఈ పనులు మానేస్తారనుకున్నా."

"మీకు పెళ్లయి ఆరేళ్లట కదండీ. మీరు మానేశారా?"

గణపతిగారు కిసుక్కున నవ్వి దగ్గులోకి దింపారు.

"ఎస్సైగారూ, వీళ్లు ఆడింది ఈ ముక్కలతో. రమ్మీ. పందెం లేదు," అంది రెబెకా.

"ఆవేళ బీపీ అన్నారే. ఇవాళ రమ్మీ. రేపు జడ్జిగారి ముందు కేరమ్స్ అంటారా? ఒకసారి అబద్ధం చెప్పినవాళ్లని రెండోసారి నేనెందుకు నమ్మాలి?"

"వాళ్లని నమ్మక్కర్లేదు. మీరు పట్టుకున్న కట్టని నమ్మండి. అందులో అంకె ముక్క ఒక్కటైనా ఉందా?"

"కట్టకి సీలు వేసేం."

"ఫొటో తీసుంటారు కదా."

క్రాంతికుమార్ విసుగ్గా ఫోన్ తీశాడు. ఫొటోలో ముక్కలు వరసలుగా పరిచి ఉన్నాయి. రాజులు, రాణులు, జాకీలు. వేలితో జరుపుతూ చివరిదాకా చూశాడు. అతని కనుబొమలు మెల్లగా దగ్గరికొచ్చాయి. ఇన్నాళ్లూ అవి ముక్కలని మాత్రమే చూశాడు, ఏ ముక్కలో చూడలేదు.

"రాజులూ రాణులతో మాత్రమే ఏ ఆట ఆడతారో చెప్పండి," అంది రెబెకా. "పెళ్లిచూపులా?"

"మీకు నవ్వులాటగా ఉంది. ఇది చూడండి." ఫొటో పెద్దది చేసి చూపించాడు. ప్రతి ముక్కకీ రెండు పక్కలా నడిమధ్యన చిన్న గంటు కోసి ఉంది. "గుర్తులు పెట్టిన ముక్కలివి. చేత్తో తడిమితే తెలిసిపోతాయి. మోసం కింద ఇంకో సెక్షన్ వేద్దామనుకుంటున్నా."

"అన్నిటికీ ఒకేచోట ఒకేలాంటి గంటుంటే ఏది రాజో ఏది జాకీయో తడిమితే ఎలా తెలుస్తుందండీ? గుర్తు పెట్టేవాడు వేరువేరుగా పెడతాడు. ఇది ఇంకెందుకో కోశారు."

"ఎందుకు?"

ఆ గంట్లు రెబెకాకి ఎక్కడో చూసినట్టే ఉంది, గుర్తు రావడం లేదు. మాట మార్చింది. "మీకు ఫోన్ చేసినవాళ్లు సొరుగులో చూడమని కూడా చెప్పారా?"

"సమాచారం ఇచ్చినవాళ్ల గురించి నేను చెప్పను."

"పేరు అడగలేదు. సొరుగు సంగతి అడిగాను."

అతను ఒక క్షణం తటపటాయించాడు. "చెప్పేరు. అయితే?"

"బల్లులకి భయపడి వీళ్లెవరూ తెరవని సొరుగు అది. అందులో ఏముందో పెట్టినవాళ్లకే తెలుస్తుంది. మీకు ఫోన్ చేసినవాళ్లే ఆ కట్ట పెట్టారు."

క్రాంతికుమార్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. మొహం ఎర్రబడింది. తన్ని ఎవరో ఆటబొమ్మ చేశారన్న సంగతి అతనికి అప్పుడే తగిలింది.

"అదే నిజమైతే ఆ మనిషి పేరు తీసుకురండి. రేపు కోర్టు టైముకి ముందు. పోలీసులకి తప్పుడు కబురు చెప్పి, దొంగసాక్ష్యం పెట్టినవాళ్లని ఊరికే వదలను. వీళ్ల బదులు వాళ్లు లోపలుంటారు. పేరు తేలేకపోతే మాస్టారు ఒప్పుకొని ఫైను కట్టడమే. రెండిట్లో ఏదో ఒకటి." మెట్లు దిగుతూ ఆగి, "పూతరేకులు దాచుకోండి, అవసరమొస్తాయి," అన్నాడు.

అతను వెళ్లాక ధర్మరాజుగారు కుర్చీలో కూలబడ్డారు. "ఎవరై ఉంటారమ్మా?"

"మీలో ఎవరైనా కావచ్చు. లేదా మాస్టారింట్లో మేకు దాకా వెళ్లగలిగినవాళ్లెవరైనా." ఆమె సంచీ భుజాన వేసుకుంది. "ముందు దీనమ్మగారితో మాట్లాడాలి. బుధవారం ఇంటికెవరొచ్చారో ఆవిడకే తెలుస్తుంది."

మాస్టారి ఇల్లు ఆ వీధి చివరే. దీనమ్మగారు వాకిట్లో నీడన కుర్చీ వేసుకొని అల్లుతోంది. తెల్లటి బల్లగుడ్డ ఆవిడ ఒళ్లోంచి మోకాళ్ల కిందికి జారుతోంది. అంచున చిన్న చిన్న మామిడిపిందెలు. అవి చూడగానే రెబెకా కోపం సగం కరిగిపోయింది. ఈ గుడ్డ పరిచాక దానిమీద వేడిగిన్నె పెట్టాడంటే ప్రవీణ్ పని పట్టాలి.

"దా తల్లీ. చూడు, బాగుందా? ఇంకో మూరెడు అల్లితే అయిపోతుంది. దారం చాలదేమో. ఆ డబ్బా ఇలా అందుకో."

పాత బిస్కెట్ల డబ్బా. రెబెకా మూత తీసింది. రంగురంగుల దారాలు, దేనికది అట్టముక్కకి చక్కగా చుట్టి ఉన్నాయి. ఆకుపచ్చది, గులాబీరంగుది. జారిపోకుండా ప్రతి అట్టకీ రెండు పక్కలా గంటు కోసి ఉంది.

తెల్లదారం చుట్టిన అట్టని బయటికి తీసింది. దారం దాదాపు అయిపోయింది. రెండు పోగుల మధ్యనుంచి ఆఠీన్ రాణి ఆమెవైపు చూస్తోంది.

రెబెకా నాలుగు రోజులు ఊరంతా తిరిగింది. నేరస్థురాలి చేతి కాఫీ తాగుతూ తిరిగింది.

"కాల్చలేదా ఆంటీ?"

దీనమ్మగారి చేతిలో సూది ఆగింది. కానీ ఆవిడ తల ఎత్తలేదు. "అంత మంచి అట్ట కాలుస్తామా? దారం చుట్టుకోడానికి పనికొస్తాయని ఉంచేను. మిగతావన్నీ విప్పేసి, ఇదొక్కటీ ఉండిపోయింది. నీ గుడ్డ కోసమే."

"ఎందుకు చేశారు?"

"ఆ గది బోర్డు మీద ఏం రాసుందో చూసేవా? వయోవృద్ధులకి. నాకు అరవై ఎనిమిది. నేనెవరిని?" గొంతు పెరగలేదు, సూది మాత్రం మళ్లీ కదిలింది. "వారంలో రెండు మధ్యాహ్నాలు మాకివ్వండి, ఆడాళ్లం ఓ పదిమందిమి కూర్చుంటాం అని రెండుసార్లు అడిగేను. నవ్వేరు. ఆడాళ్లకి ఇంట్లో బోల్డంత కాలక్షేపం అన్నారు మీ మాస్టారు. పోలీసులొచ్చి నాలుగరుపులు అరిస్తే ఆ పేకాట మానేస్తారు, గది ఖాళీ అవుతుందని నేనే ఫోన్ చేసేను. ఈయన ముక్కలు దాచేస్తారని తెలుసు. పోలీసులు ఉత్తచేతుల్తో వెళ్లిపోతారని అవి సొరుగులో పెట్టేను. కేసు రాస్తారని, ఈయన్ని జూదగాణ్ణి చేస్తారని నాకేం తెలుసు?"

"మరి నన్నెందుకు పెట్టుకున్నారు?"

"నువ్వు తెలివైనదానివని విన్నాను. నా పేరు రాకుండా ఈయన్ని బయట పడేస్తావనుకున్నాను."

రెబెకా నెత్తి పట్టుకుంది. నలుగురు మగవాళ్లు నేరం కానిదాన్ని దాచారు. ఒక ఆడమనిషి నేరం చేసి, దాన్ని పట్టుకోమని తనకే బయానా ఇచ్చింది. "ఆంటీ, మీ పేరు చెప్పకపోతే మాస్టారు నేరస్థుడు. చెబితే మీరు లోపలికెళ్తారు. ఎస్సై ఇందాకే అన్నాడు."

"చెప్పక్కర్లేదు."

గుమ్మం దగ్గర బాబూరావు మాస్టారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి విన్నారో తెలీదు. "రేపు నేను ఒప్పేసుకుంటానమ్మా. గది పోతే పోనీ. సంఘపెద్దగా తీసేస్తే తీసెయ్యనీ. దీనమ్మ పోలీస్‌స్టేషన్ గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

"మాస్టారూ, చెయ్యని తప్పు మళ్లీ..."

"నువ్వుండు తల్లీ." దీనమ్మగారు బల్లగుడ్డ మడిచి కుర్చీ మీద పెట్టి లేచింది. భర్త ఎదురుగా వెళ్లి నిలబడింది. "ఆడాళ్లు బయట కూర్చోకూడదని మీరే నిర్ణయించేరు. ఇప్పుడు నా తప్పు కూడా మీరే మోస్తారా? చాలండి. మీరు బీపీ అని ఒక అబద్ధమాడితేనే ఇంతయింది. ఇంకోటాడితే ఊరే మునిగిపోద్ది."

"దీనా, జైలు..."

"చూద్దాం. లెక్కల మాస్టారి పెళ్లాన్ని, ఎంత పడుతుందో లెక్కేసుకోగలను." ఆవిడ రెబెకా చేతిలోంచి ఆఠీన్ రాణిని తీసుకొని, మిగిలిన దారం విప్పి, ముక్కని కొంగున ముడేసుకుంది. "రేపు పొద్దున్నే నేనూ ఈ పిల్లా స్టేషన్‌కెళ్లి ఆ ఎస్సైకి ఇది చూపిస్తాం. మీరు పదింటికి కోర్టుకెళ్లి, రమ్మీ ఆడేను, తప్పు చెయ్యలేదు అని గట్టిగా చెప్పండి. ఆదివారం చర్చిలో కూడా అలాగే చెబుదురు గాని."

మాస్టారు గుమ్మం వదిలి పక్కకి జరిగారు.

"ఆ షెల్టర్ తాళం ఈ రాత్రికే నాకివ్వండి. రేపు నన్ను ఇంటికి పంపిస్తే నాలుగింటికి మా వాళ్లందరినీ తీసుకొస్తాను. పంపకపోతే వాళ్లే వస్తారు, కబురు పెట్టేస్తాను. మీ నలుగురూ కూర్చోబెట్టి వాళ్లకి రమ్మీ నేర్పాలి." దీనమ్మగారు కొంగు సర్దుకుంది. "బొమ్మముక్కలు కలిపి నేర్పండి. మాకేం భయం లేదు."